విగ్గుకు ఇంట్లోనే రంగు వేయొచ్చా? జాతర చాటింపుకు పది రోజులే ఉంది

కొర్లగుంట_కుర్రోడు:
తిరుపతి గంగమ్మ జాతరలో మా తమ్ముడు చీర కట్టి మొక్కు తీర్చుకోవాలి. విగ్గు ఆన్‌లైన్‌లో తెప్పించాం. ఫొటోలో నలుపు, వచ్చింది లేత గోధుమరంగు. వెనక్కి తీసుకోరట. బట్టలకు వేసే రంగు ప్యాకెట్ తెచ్చి అరగంట నానబెట్టా. బకెట్ నల్లబడింది, నా చేతులు నల్లబడ్డాయి, విగ్గు మాత్రం కుళాయి కింద పెట్టగానే మళ్లీ గోధుమరంగే! ఇంట్లో ఈ పని అవుతుందా, కాదా?

కాళహస్తి_అద్దకం:
కాదు సామీ. కలంకారీకి గుడ్డను కరక్కాయ, పాలలో ముంచి, పటిక పెట్టి ఇంత తంటా పడితే రంగు నిలుస్తుంది. అదీ నూలు గుడ్డ కాబట్టి. నీ విగ్గు ప్లాస్టిక్. కొత్తది కొనుక్కో.

నగరి_మగ్గం:
ప్లాస్టిక్‌కు పట్టదంటే పాలిస్టర్ చీరలకు రంగులు ఎట్లా వస్తున్నాయన్నా? తమ్ముడూ, నువ్వు తెచ్చింది నూలుకు వేసే రంగు. పాలిస్టర్‌కు డిస్పర్స్ డై కావాలి. అదీ నీళ్లు మరుగుతుంటేనే దారం లోపలికి దిగుతుంది. అద్దకం యూనిట్లలో ప్రెజర్ పెట్టి 130 డిగ్రీల దాకా తీసుకుపోతారు. ఇంట్లో అంత వేడి రాదు, అందుకే చిక్కటి నలుపు కష్టం. ముదురు కాఫీరంగు అయితే వస్తుంది. కానీ చాలా విగ్గులు మోడాక్రిలిక్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ పోగు, వేడికి ముడుచుకుపోతాయి. లోపలివైపు నుంచి నాలుగు పోగులు కత్తిరించి ముందు వాటిని మరగబెట్టి చూడు.

చిత్తూరు_అక్క:
అన్నం వండే గిన్నెలో మాత్రం పెట్టొద్దు నాయనా. ఆ గిన్నె ఇంక వంటకు పనికిరాదు.

తలనీలాల_భక్తుడు:
ఇంత కష్టం ఎందుకు? కొండ మీద కల్యాణకట్టలో కావలసినంత అసలు జుట్టు ఉంది కదా!

చిత్తూరు_అక్క:
అది ఈ-వేలంలో టన్నుల లెక్కన పోతుంది. మనకు పిడికెడు ఎవరిస్తారు?

పలమనేరు_వేషం:
పొయ్యి లేకుండా ఇంకో దారి ఉంది. మార్కర్ ఇంకు స్పిరిట్‌లో కలిపి స్ప్రే కొట్టడం. మంట దగ్గర మాత్రం చేయొద్దు, భగ్గుమంటుంది. మా ఊరి భారతం నాటకంలో ద్రౌపది వేషానికి ఇట్లాగే చేశాం. ఆరాక నిగనిగలాడింది. రాత్రి రెండింటికల్లా చెమటకు కారి ద్రౌపది మెడ మీద మూడు నల్లటి చారలు. జనం పాట వదిలేసి చారలు చూశారు.

నగరి_మగ్గం:
అది రంగు పట్టడం కాదు, పైన పూత. మే నెల ఎండలో మన తిరుపతి వీధుల్లో అరగంట నిలవదు.

చిత్తూరు_అక్క:
నన్నడిగితే ముందు భాగానికి కొంగు కప్పి, వెనక నల్ల సవరం కట్టి నాలుగు మూరల మల్లెపూలు పెట్టండి. మొక్కు చెల్లేది వేషానికి, విగ్గు రంగుకు కాదు.

కొర్లగుంట_కుర్రోడు:
తెలిసినాయన దగ్గర డిస్పర్స్ నలుపు చెంచాడు తెచ్చా. పాత పెయింట్ డబ్బాలో నాలుగు పోగులు వేసి పది నిమిషాలు మరిగించా. రంగు దిగింది, కడిగినా పోలేదు. కానీ పోగులు వేయించిన సేమ్యాలా ముడుచుకుపోయాయి.

కాళహస్తి_అద్దకం:
నేను మొదటే చెప్పా.

నగరి_మగ్గం:
నువ్వు చెప్పింది రంగు పట్టదని. పట్టింది. పోయింది వాటం. తమ్ముడూ, అది మోడాక్రిలిక్కే అయ్యుంటుంది, విగ్గును పొయ్యి దగ్గరికి తీసుకుపోవద్దు.

కొర్లగుంట_కుర్రోడు:
సరే. అక్కా, మల్లెపూలు నాలుగు మూరలు చాలా?