ఋషికేశ్‌లో రాఫ్టింగ్: దసరా సెలవుల్లోనా, కార్తీకంలోనా?

బరంపురం వాసి:
మూడు కుటుంబాలు, మొత్తం తొమ్మిది మందిమి ఋషికేశ్ వెళ్లి గంగలో రాఫ్టింగ్ చేద్దామనుకుంటున్నాం. దసరా సెలవులైతే అందరికీ కుదురుతుంది. మా బావగారు మాత్రం నది జోరు తగ్గాలి, కార్తీకం దాకా ఆగమంటున్నారు. పిల్లల్లో పెద్దవాడికి 15, చిన్నవాడికి 12. నాకూ మా ఆవిడకీ ఈత రాదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

పర్లాకిమిడి కుర్రాడు:
దసరాకే వెళ్లిపోండి అన్నా. జులై, ఆగస్టుల్లో వరద వల్ల అక్కడ రాఫ్టింగ్ ఆపేస్తారు. సెప్టెంబర్ రెండో సగంలో మళ్లీ మొదలుపెడతారు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడే కదా మజా! కార్తీకమంటే పిల్లలు బడి మానాలి, పెద్దలు సెలవు అడుక్కోవాలి. మూడిళ్లలో ఒక ఇంటికి కుదరకపోతే ట్రిప్పే పోతుంది. మా స్నేహితులం ఇలాగే రెండేళ్లు వాయిదా వేసి, చివరికి ఎక్కడికీ వెళ్లలేదు.

రాయగడ మాస్టారు:
తమ్ముడూ, నీ భయం నిజమే. అయినా నా ఓటు కార్తీకానికే.

ముందు ఒకటి చూడండి. దసరా ఏటా ఒకే తేదీన రాదు. 2023లో అక్టోబర్ 24న వచ్చింది, 2025లో అక్టోబర్ 2నే వచ్చేసింది. పండగ పేరు ఒకటే గానీ మధ్యలో మూడు వారాల తేడా. కొండల్లో వానలు వెనక్కి తగ్గే రోజుల్లో ఆ మూడు వారాలకి నది మారిపోతుంది. 2021లో అక్టోబర్ 17 నుంచి 19 వరకు ఉత్తరాఖండ్‌లో కురిసిన కుండపోతకి ఎంతోమంది చనిపోయారు. ఆ ఏడు దసరా 15న. సెలవుల్ని నమ్ముకుని వెళ్లినవాళ్లు ఎంత టెన్షన్ పడి ఉంటారో!

నీళ్లు నిండుగా ఉంటే రాళ్లు మునిగిపోతాయి, నది నున్నగా కనిపిస్తుంది. పడినప్పుడు తెలుస్తుంది దాని సంగతి. నేను మొదటిసారి అక్టోబర్ మొదటి వారంలోనే వెళ్లాను. ఒక అల పక్కనుంచి కొట్టింది, చేతిలో తెడ్డుతో సహా నీళ్లలో ఉన్నాను. లైఫ్ జాకెట్ చెవుల దాకా లేచిపోయింది, నా గడ్డం దాని లోపలికి దిగిపోయింది. మంచు కరిగిన నీళ్లు కదా, ఊపిరి పట్టేసింది. గైడు భుజాల దగ్గర పట్టుకుని లాగేదాకా బయట ఏం జరుగుతోందో తెలియలేదు. జాకెట్ పక్క బకిల్ వదులుగా ఉందని ఎక్కేముందే చూశాను. అడ్వాన్స్ కట్టేశాం, అందరూ ఎక్కేశారని నోరు మూసుకున్నాను. ఆ తప్పు మీరు చేయొద్దు. జాకెట్ వేసుకున్నాక ఇంకొకరిని భుజాల పట్టీలు పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి వస్తే వేరేది అడగండి. ఎంత ఆలస్యమైనా సరే.

పడితే వెల్లకిలా తేలాలి, కాళ్లు ముందుకు, అంటే నీళ్లు పారిపోయే వైపు పెట్టాలి. పరుగెత్తే నీళ్లలో నిలబడే ప్రయత్నం చేయకూడదు, పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటుంది.

ఈత రానివాళ్లు బ్రహ్మపురి నుంచి దిగే సుమారు 9 కిలోమీటర్లతో సరిపెట్టుకోండి. శివపురి నుంచి 16 కిలోమీటర్లు, దారిలో రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ లాంటి పెద్ద ర్యాపిడ్లు, అంటే నీళ్లు రాళ్ల మీద ఎగిరిపడే చోట్లు, ఉంటాయి. ఋషికేశ్ రాఫ్టింగ్‌లో 14 ఏళ్లు నిండనివాళ్లని ఎక్కించకూడదన్నది నిబంధన. ఎవరైనా "ఫర్వాలేదు సార్" అన్నా మీ చిన్నవాణ్ణి ఎక్కించకండి.

గుణుపురం అక్క:
మనవైపు సంగతి కూడా చూసుకోవాలి కదా. 2013 అక్టోబర్ 12న ఫైలిన్, మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ, అన్నీ తుపాన్లే. బరంపురం నుంచి ఖుర్దా రోడ్ వెళ్లి ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు రెండు రోజుల ప్రయాణం. మధ్యలో రైళ్లు ఆగిపోతే పిల్లలతో ఏం చేస్తారు?

పర్లాకిమిడి కుర్రాడు:
అక్కా, తిత్లీకి మా వంటింటి రేకులు పక్కవీధిలో దొరికాయి, నాకు చెప్పాలా? కానీ తుపాను నవంబర్‌లోనూ రావచ్చు. పైగా కార్తీకంలో ఆ నీళ్లు ఇంకా గడ్డకట్టేలా ఉంటాయి. మాస్టారూ, జాకెట్ మాట ఒప్పుకుంటాను, తేదీ మాట ఒప్పుకోను. దసరా ఆలస్యంగా వచ్చిన ఏడు ఏం నష్టం?

రాయగడ మాస్టారు:
ఆలస్యంగా వస్తే నాకూ అభ్యంతరం లేదు తమ్ముడూ. అప్పుడు కూడా రెండు రోజులు అదనంగా పెట్టుకోవాలి. గైడు ఇవాళ వద్దంటే, ఎల్లుండే తిరుగు టికెట్ ఉందని అతన్ని బతిమాలే పరిస్థితి రాకూడదు.

బరంపురం వాసి:
అందరికీ థ్యాంక్స్. బావగారితో మాట్లాడాను. కార్తీక పౌర్ణమి దాటాక నాలుగు రోజులు సెలవు దొరుకుతుందేమో రెండిళ్లవాళ్లు కనుక్కుంటున్నారు. మా ఆవిడ చిన్నవాడితో ఒడ్డునే ఉంటానంది. వాడికింకా చెప్పలేదు. వాడు అప్పుడే తెడ్డు పట్టుకోవడం వీడియోలు చూసి చీపురుకట్టతో ప్రాక్టీసు చేస్తున్నాడు.