జీ4 వాచ్ అని కనిపిస్తే తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లం ఏమని అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: ఖమ్మం సైన్స్ టీచర్

ఈ రాత్రి సౌర తుఫాను వస్తోందని, సెల్‌ఫోన్లు ఆపి దూరంగా పెట్టాలని చెప్పే వాట్సాప్ సందేశాన్ని మా పదో తరగతి పిల్లలు తరచూ తెచ్చి చూపిస్తుంటారు. అసలు సమాచారం చూపిద్దామని అమెరికాలోని నోవా సంస్థవారి అంతరిక్ష వాతావరణ కేంద్రం పేజీ తెరిస్తే, జీ, ఎస్, ఆర్ అనే మూడు కొలమానాలు, కేపీ అనే అంకె, వాచ్, వార్నింగ్ అనే మాటలు కనిపించి నాకే అయోమయంగా ఉంది. పైగా వాచ్ ఇచ్చిన రోజున ఏమీ జరగకపోవడమూ చూశాను. ఈ అంచనాలను ఎంతవరకు నమ్మవచ్చు? వాటితో మనకు పనేమిటి?

జవాబు 1: తిరుపతి, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు

టీచరుగారూ, మూడు కొలమానాలూ సూర్యుడి నుంచి మూడు వేర్వేరు వేగాలతో వచ్చేవాటికి సంబంధించినవి. ఆర్ అనేది సౌర జ్వాలల ఎక్స్ కిరణాల వల్ల రేడియోకు కలిగే అంతరాయాన్ని చెబుతుంది. అవి కాంతితోపాటే ఎనిమిది నిమిషాల్లో వస్తాయి కనుక, జ్వాల మనకు కనిపించేసరికే ప్రభావం మొదలై ఉంటుంది. ఎస్ అధికశక్తి ప్రోటాన్లది. జీ భూ అయస్కాంత తుఫానుది. ఒక్కోదానిలో తీవ్రత 1 నుంచి 5 వరకు ఉంటుంది. పెద్ద తుఫానులకు ముఖ్య కారణమైన కరోనల్ మాస్ ఇజెక్షన్, అంటే అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొచ్చే ప్లాస్మా మేఘం, భూమిని చేరడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. మీరు చూసిన వాచ్ ఆ వ్యవధిలో ఇచ్చేది.

ఆ మేఘం వేగాన్నీ దారినీ కరోనాగ్రాఫ్ (సూర్యబింబాన్ని కప్పి దాని చుట్టూ ఉన్నదాన్ని చూపే పరికరం) చిత్రాల నుంచి లెక్కకట్టవచ్చు గాని, దాని లోపలి క్షేత్రం ఉత్తరం వైపు తిరిగి ఉందా, దక్షిణం వైపా అన్నది అంత దూరం నుంచి నేరుగా కొలిచే మార్గం లేదు. దక్షిణం వైపు ఉంటే అది భూమి క్షేత్రంతో ముడిపడి శక్తిని లోపలికి చేరవేస్తుంది. ఉత్తరం వైపే ఉండిపోతే భారీ మేఘమైనా అంతగా అలజడి లేకుండా దాటిపోతుంది. మీరు చూసిన ఏమీ జరగని రోజుల్లో చాలావాటికి కారణం ఇదే కావచ్చు. ఆ దిశ తెలిసేది భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుడికీ మనకూ మధ్య ఉన్న ఎల్1 అనే బిందువు దగ్గర ఉన్న ఉపగ్రహాలను మేఘం తాకినప్పుడే. అక్కడి నుంచి అది మనల్ని చేరడానికి పావుగంట నుంచి గంట పడుతుంది; వార్నింగ్ ఆ కొలతలను బట్టి వస్తుంది. కాబట్టి వాచ్‌ను అవకాశంగా, వార్నింగ్‌ను దాదాపు ఖాయంగా తీసుకోండి. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన మన సౌర పరిశోధన నౌక ఆదిత్య-ఎల్1 కూడా 2024 జనవరి 6 నుంచి ఆ బిందువు చుట్టూనే తిరుగుతోంది. దాని మాగ్నెటోమీటర్ కొలిచేది ఈ క్షేత్రాన్నే.

అంచనాను మించిన సందర్భమూ ఉంది. 2024 మే 9న జీ4 వాచ్ ఇచ్చారు. ఒకే సౌరమచ్చల సమూహం నుంచి వెలువడిన మేఘాలు వెంటవెంటనే వచ్చిపడడంతో, మన కాలమానం ప్రకారం మే 10 రాత్రి పదిన్నర ప్రాంతంలో మొదలైన తుఫాను జీ5కు చేరింది. 2003 తర్వాత అదే మొదటి జీ5. లద్దాఖ్‌లోని హాన్లే నుంచి కూడా ఎర్రని ధ్రువకాంతి కనిపించింది.

జవాబు 2: విశాఖపట్నం, హ్యామ్ రేడియో

అందరి చూపూ జీ మీదే ఉంటుంది గాని, మన అక్షాంశాలవారు ముందు చూడవలసింది ఆర్. ఎక్స్1 జ్వాల, అంటే అతి తీవ్రమైన ఎక్స్ తరగతిలో మొదటి మెట్టు, ఆర్3 కిందికి వస్తుంది. అది మనకు పగటివేళ వస్తే షార్ట్‌వేవ్ బ్యాండ్లు ఉన్నట్టుండి మూగబోతాయి, సూర్యుడు నడినెత్తిన ఉన్నచోట దెబ్బ మరీ ఎక్కువ. రాత్రివేళ వస్తే మనకు అంటదు. ఆ పేజీలోని సమయాలకు ఐదున్నర గంటలు కలిపి చూసుకోండి, సగం భయం అక్కడే పోతుంది. భూ అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొసకు దగ్గరగా వెళ్తుంది కనుక, తుఫాను లేని రోజుల్లోనూ సూర్యాస్తమయం తర్వాత అయనావరణంలో (పైవాతావరణంలోని విద్యుదావేశ పొరలో) ఏర్పడే ప్లాస్మా బుడగలు జీపీఎస్ సంకేతాలను చెదరగొట్టగలవు. భూ అయస్కాంత అలజడిని చెప్పే కేపీ అంకె చూస్తే ఈ సంగతి తెలియదు.

జవాబు 3: మినియాపోలిస్ నుంచి

ఇక్కడ అరోరా (ధ్రువకాంతి) కోసం ఎదురుచూసే మాలాంటివారు వార్నింగ్‌ను కూడా ఖాయమనుకోరు, అధ్యాపకులుగారు మన్నించాలి. క్షేత్రం గంటలోనే ఉత్తరానికి తిరిగిపోతే ఆకాశం మళ్లీ మామూలైపోతుంది. మేఘం వచ్చే సమయం సంగతి సరేసరి, పది గంటలు అటూ ఇటూ కావడం పరిపాటి. ఇక కేపీ ప్రధానంగా మధ్య అక్షాంశాల్లోని అబ్జర్వేటరీల కొలతల నుంచి మూడు గంటలకొకసారి లెక్కించే అంకె. అది మాకు పనికొచ్చినంతగా ఖమ్మానికి పనికిరాదు.

ఖమ్మం సైన్స్ టీచర్

అందరికీ ధన్యవాదాలు. మరి ఫోన్ల మాటేమిటి?

జవాబు 1 రాసినవారు

చేతిలోని ఫోన్‌కు ఏ హానీ లేదండీ. అయస్కాంత తుఫాను ప్రేరేపించే విద్యుత్తు బలపడాలంటే వందల కిలోమీటర్ల తీగలు కావాలి. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌లో సుమారు 60 లక్షల మందికి తొమ్మిది గంటలపాటు కరెంటు పోయింది. ఆ ప్రాంతం అరోరా వలయానికి దగ్గర, దాని కింద ఉన్నవి విద్యుత్తును సరిగా ప్రసరింపనివ్వని రాళ్లు. ఉపగ్రహాలకు మాత్రం చిన్న తుఫానైనా చాలు: 2022 ఫిబ్రవరిలో జీ1 తుఫానుకే పైవాతావరణం వేడెక్కి ఉబ్బడంతో, అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో చాలావరకు కూలిపోయాయి. పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన చెప్పి, ఫోన్ ఎందుకు ఆపనక్కర్లేదో వాళ్లనే చెప్పమనండి.