లండన్ నుంచి యార్క్‌కు రైల్లో: అమ్మానాన్నలతో ఒక్క రోజు నడక కుదురుతుందా?

ప్రశ్న (కాజీపేట వాసి)

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు ఏప్రిల్‌లో లండన్ వస్తున్నారు. కారు అద్దెకు తీసుకోకుండా, రైల్లో వెళ్లి, కాలినడకన తిరిగి చూడగలిగిన పాత ఊరు ఒకటి వాళ్లకు చూపించాలని యార్క్‌ను ఎంచుకున్నాను. నాన్నగారు కాజీపేటలో లోకో పైలట్‌గా రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేసిన మనిషి కావడంతో, ఊరు ఎలా ఉన్నా రైలు ప్రయాణం బాగుంటే ఆయనకు సగం తృప్తి. వయసు 70 అయినా రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడుస్తారు. అమ్మకు 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. చదునైన దారిలో మెల్లగా నడవగలదు గానీ మెట్లంటే జంకుతుంది.

ఉదయం బయలుదేరి రాత్రికి తిరిగి రావడం సబబేనా? కోటగోడ మీద మొత్తం చుట్టు నడవాలని నాన్నగారు ఇప్పటి నుంచే పట్టుబడుతున్నారు; ఆ సమయంలో అమ్మను ఎక్కడ కూర్చోబెట్టాలి? టికెట్ల విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? అక్కడ తిరిగినవారు చెబితే సంతోషిస్తాను.

జవాబు 1 (యార్క్ పాత విద్యార్థి)

నేను అక్కడ రెండేళ్లు చదువుకున్నాను. వచ్చిన చుట్టాలందరినీ తిప్పే పని నాకే పడింది కాబట్టి కొంత అనుభవంతోనే చెబుతున్నాను. ఒక్క రోజు చాలు, కానీ అన్నీ చూడాలనే ఆశ వదులుకుంటేనే.

కింగ్స్ క్రాస్ నుంచి యార్క్ 188 మైళ్లు, దాదాపు 300 కిలోమీటర్లు. వేగంగా వెళ్లే రైళ్లు సుమారు రెండు గంటల్లో చేరుస్తాయి. దిగగానే బయటకు పరుగెత్తకండి. 1877లో తెరిచిన ఆ స్టేషన్ మొత్తం ఒక వంపు మీద కట్టారు. ప్లాట్‌ఫారం చివర నిలబడి చూస్తే ఇనుప కమానుల పైకప్పు పట్టాలతో పాటే వంగిపోతూ కనిపిస్తుంది. నాన్నగారిని అక్కడ పది నిమిషాలు వదిలేయండి. అంతకు ముందు 1841లో కట్టిన స్టేషన్ కోటగోడ లోపల ఉండేది, దానికోసం గోడకే కమాను తొలిచారు. పట్టాలు అక్కడితో ఆగిపోవడం వల్ల లండన్ నుంచి న్యూకాసిల్ వైపు వెళ్లే బండ్లు లోపలికి వచ్చి వెనక్కి మళ్లాల్సి వచ్చేది. మన విశాఖపట్నంలో హౌరా–చెన్నై బండ్లు దిశ మార్చుకున్నట్టన్నమాట. ఆ తిప్పలు తప్పించడానికే గోడ బయట ఇప్పుడున్న స్టేషన్ కట్టారు. పాత స్టేషన్ భవనంలో ఇప్పుడు నగర పాలక మండలి కార్యాలయాలు నడుస్తున్నాయి. ఈ సంగతి చెప్పి గోడలోని కమాను చూపిస్తే, ఆ తర్వాత ఊరంతా ఆయనే మీకు వివరిస్తారు.

స్టేషన్ నుంచి లెండల్ వంతెన దాటి మిన్‌స్టర్ చర్చి దాకా దారి దాదాపు చదునే. అమ్మగారి నడకకు ఇరవై నిమిషాలు వేసుకోండి. వంతెన దాటగానే ఎడమవైపు మ్యూజియం గార్డెన్స్ వస్తాయి. లోపల పాడుబడిన సెయింట్ మేరీస్ మఠం, దానికి దగ్గర్లోనే పలు కోణాల రోమన్ బురుజు ఉన్నాయి. ఆ బురుజును దగ్గరగా చూడండి. కింది భాగంలో చిన్న చిన్న రాళ్ల వరసలు, వాటి మధ్య ఎర్ర పెంకుల పట్టీ కనిపిస్తే అది రోమన్ల పని. పైన పెద్ద రాళ్లు ఎక్కడ మొదలయ్యాయో అక్కడి నుంచి మధ్యయుగపు వాళ్ల పని. వెయ్యేళ్ల ఎడం ఉన్న రెండు కట్టడాలు ఒకే గోడలో, వేలు పెట్టి చూపించగలిగేంత స్పష్టంగా ఉంటాయి.

ఇక గోడ సంగతి. మిగిలి ఉన్న గోడ పొడవు రెండు మైళ్లకు పైనే; మొత్తం చుట్టు తిరగడానికి రెండు గంటలు పడుతుంది, పైగా మధ్యలో కిందికి దిగి రోడ్డు మీద నడవాలి. తూర్పు వైపు కొంత మేర గోడే లేదు. ఇంగ్లండ్‌ను జయించిన రాజు విలియం ది కాంకరర్ కాలంలో ఫాస్ నదికి కట్ట వేయడంతో అక్కడ పెద్ద చెరువు ఏర్పడింది, ఆ నీరే రక్షణ కాబట్టి గోడ అవసరం కాలేదు. నా సలహా ఏమిటంటే, బూథమ్ బార్ అనే కోటద్వారం నుంచి మంక్ బార్ ద్వారం దాకా ఉన్న ముక్క మాత్రం నడవండి. అరగంట కూడా పట్టదు, నడిచినంత సేపూ మిన్‌స్టర్ పక్కనే కనిపిస్తుంటుంది. ఎక్కే చోట మెట్లు నిటారుగా ఉంటాయి, లోపలివైపు చాలా చోట్ల కమ్మీలు లేవు, కాబట్టి అమ్మగారిని ఎక్కించకండి. గోడకు, చర్చికి నడుమ డీన్స్ పార్క్ అనే పచ్చిక ఉంది, బెంచీలున్నాయి. ఆవిడ అక్కడ కూర్చోవచ్చు. మా పెద్దమ్మను అలాగే కూర్చోబెట్టి మేము పైనుంచి చెయ్యి ఊపాం. ఆవిడ మా ఫొటో తీశారు గానీ అందులో ఆవిడ వేలు తప్ప ఏమీ పడలేదు.

జవాబు 2 (లండన్ బాటసారి)

పై జవాబుకు టికెట్ల సంగతి కలుపుతున్నాను. అడ్వాన్స్ టికెట్ చవకే గానీ అది మీరు ఎంచుకున్న రైలుకు మాత్రమే చెల్లుతుంది. మనవైపు లాగా తర్వాతి బండి ఎక్కి టీసీని బతిమాలుకోవచ్చనుకుంటే కుదరదు. అందుకే వెళ్లేటప్పుడు అడ్వాన్స్, తిరిగి వచ్చేటప్పుడు వేళకు కట్టుబడని టికెట్ తీసుకోవడం నాకు నచ్చిన పద్ధతి. కొంత ఎక్కువ అవుతుంది కానీ సాయంత్రం పెద్దవాళ్లను తొందరపెట్టే పని ఉండదు.

అమ్మానాన్నలిద్దరికీ కలిపి ‘టూ టుగెదర్’ రైల్‌కార్డ్ ఒకటి తీసుకుంటే ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. అయితే ఇద్దరూ కలిసే ప్రయాణించాలి, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం తొమ్మిదిన్నరకు ముందు అది చెల్లదు. అంతకంటే ముందే బయలుదేరాలంటే 60 దాటినవారికి ఇచ్చే సీనియర్ రైల్‌కార్డ్ ఇద్దరికీ విడివిడిగా తీసుకోండి. వయసు రుజువుకు పాస్‌పోర్ట్ సరిపోతుంది. కింగ్స్ క్రాస్‌లో ప్లాట్‌ఫారం నంబరు బోర్డు మీద చివరి నిమిషాల్లో గానీ పడదు, పడగానే అందరూ ఒక్కసారి కదులుతారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి ముందుగానే సీటు రిజర్వు చేసి, కోచ్ అక్షరం ఆవిడకు కూడా చెప్పి ఉంచండి.

ఆదివారం మాత్రం వద్దు. మా అత్తగారిని, మామగారిని ఒక ఆదివారం తీసుకెళ్లి, పట్టాల మరమ్మతుల వల్ల సగం దారి బస్సులో కూర్చుని, మధ్యాహ్నం రెండింటికి చేరాం. ముందురోజు వెబ్‌సైట్ చూసుకోకపోవడం నా తప్పేనని మామగారు తిరుగు ప్రయాణమంతా గుర్తు చేశారు.

జవాబు 3 (చరిత్ర పాఠకుడు)

మొదటి జవాబులోని వరస నాకూ నచ్చింది, కానీ ఊరిని రాళ్లతో పాటు పేర్లతోనూ చదవమని నా మనవి. యార్క్‌లో ‘గేట్’ అంటే ద్వారం కాదు, వీధి. 866లో ఊరిని పట్టుకున్న వైకింగుల భాషలో ‘గాటా’ అంటే వీధి; మికిల్‌గేట్ అంటే పెద్ద వీధి. ద్వారాన్ని మాత్రం ‘బార్’ అంటారు. మికిల్‌గేట్ బార్ అన్న బోర్డు చూసి నాన్నగారు నవ్వితే ఆయన తప్పేమీ లేదు. 1460లో యుద్ధంలో చనిపోయిన యార్క్ ప్రభువు రిచర్డ్ తలకు కాగితపు కిరీటం పెట్టి ఆ ద్వారం మీదనే వేలాడదీశారు. ఈ గోడల్లో చాలా భాగం 13, 14 శతాబ్దాల్లో కట్టినవి, అంటే ఓరుగల్లులో రుద్రమదేవి ఏలిన రోజులకు కాస్త అటూ ఇటూ. కాజీపేట మనుషులకు మట్టికట్ట, దాని వెంట రాతిగోడ కొత్తేమీ కాదు. ఇక్కడ రాతిగోడను మట్టికట్ట నెత్తినే నిలబెట్టారు. ఏప్రిల్‌లో ఆ కట్టల మీద పసుపు రంగు డాఫడిల్ పూలు విరగబూస్తాయి.

మిన్‌స్టర్ దక్షిణ ద్వారం ఎదుట కూర్చున్న కంచు విగ్రహం కాన్‌స్టాంటైన్‌ది. 306లో తండ్రి ఇక్కడే చనిపోతే సైన్యం ఇతన్ని ఈ ఊళ్లోనే రోమన్ చక్రవర్తిగా ప్రకటించింది. లోపల తూర్పు కిటికీని జాన్ థార్న్‌టన్ 1405 నుంచి 1408 మధ్య పూర్తి చేశాడు, దాదాపు టెన్నిస్ కోర్టంత రంగు గాజు. గోపురం ఎక్కాలంటే 275 మెట్లు, దాన్ని వదిలేయండి.

క్లిఫర్డ్స్ టవర్ గురించి ఎవరూ రాయలేదు. 1190 మార్చిలో మూక దాడికి భయపడి అప్పటి కొయ్య బురుజులో తలదాచుకున్న సుమారు 150 మంది యూదులు అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు, చాలామంది తమ చేతులతోనే. ఇప్పుడున్న రాతి బురుజు తర్వాతి శతాబ్దానిది. మెట్లు ఎక్కనక్కర్లేదు, దిబ్బ కింద ఉన్న ఫలకం చదివి ఒక నిమిషం నిలబడితే చాలు. షాంబుల్స్ వీధిలో ఫొటోలకు గంట పెట్టేవాళ్లు ఇక్కడికి రారు, అది నాకెప్పుడూ కష్టంగానే ఉంటుంది. అలాగని షాంబుల్స్ మానమనను. అది ఒకప్పటి కసాయి వీధి, మాంసం వేలాడదీసిన ఇనుప కొక్కేలు కొన్ని దుకాణాల ముందు ఇప్పటికీ ఉన్నాయి. అయితే నేలంతా ఎగుడుదిగుడు రాళ్లు. అమ్మగారికి చెయ్యి పట్టుకోవాలి.

కాజీపేట వాసి

అందరికీ కృతజ్ఞతలు. శనివారం ఖాయం చేసుకుంటున్నాను. నేషనల్ రైల్వే మ్యూజియం గురించి ఎవరూ చెప్పలేదు. నాన్నగారికి అది ముందు చూపించాలా, చివరనా?

యార్క్ పాత విద్యార్థి

చివరన చూపిస్తామంటే గేట్లు మూసే వేళకు కూడా ఆయన బయటకు రారు. ముందు చూపిస్తామంటే ఊరు చూడరు. కాబట్టి మీరు విడిపోవడమే మార్గం. మధ్యాహ్నం భోజనం అయ్యాక నాన్నగారిని మ్యూజియంలో దింపండి. ప్రవేశం ఉచితం, స్టేషన్‌కు వెనకవైపే కాబట్టి తిరుగు రైలుకూ దగ్గర. 1938లో గంటకు 126 మైళ్ల వేగంతో ఆవిరి ఇంజన్ల రికార్డు నెలకొల్పిన మల్లార్డ్ అక్కడుంది. ఆ నీలి ఇంజను పక్కన నిలబడి ఆయన ముందు చూసేది ఫైర్‌బాక్స్ ఎత్తు, పార పట్టే చోటు అని నా పందెం. మీరు అమ్మగారితో మిన్‌స్టర్‌కు వెళ్లి, సాయంత్రపు ప్రార్థన ఉందేమో ముందే చూసుకుని, బృందగానం వింటూ కూర్చోండి. ప్రార్థనకు వచ్చేవారికి టికెట్ అడగరు. తర్వాత ముగ్గురూ స్టేషన్‌లో కలుసుకోండి. నాన్నగారి ఫోన్‌లో లోకల్ సిమ్ ఉందో లేదో మాత్రం ఇంటి దగ్గరే చూసుకోండి.