అప్‌డేట్: కలకత్తా కప్పు వెండి ఎక్కడిది?

కలకత్తా కప్పంటే రగ్బీలో ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటా పోటీపడే ట్రోఫీ. కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు (పేరు ఫుట్‌బాలే, ఆడింది రగ్బీ) మూతపడితే దాని డబ్బు కప్పుగా ఎలా మారిందని ఇంతకుముందు అడిగాను. జవాబు దొరికింది.

1872 క్రిస్మస్ నాడు పక్షానికి 20 మందితో రగ్బీ ఆడారు, మరుసటి జనవరిలో క్లబ్బు పెట్టారు. బార్‌లో ఉచిత మందు ఆపేసరికి సభ్యులు పలచబడ్డారు (ఆశ్చర్యమేముంది!). ఆ వాతావరణానికి పోలో, టెన్నిసే నయమనుకున్నారు. బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు తీసి, కరిగించి, కప్పు చేయించి 1878లో ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కు ఇచ్చేశారు, ఏటా దానికోసం పోటీ జరగాలన్న షరతుతో. మూడు పిడులూ నాగుపాములే, మూత మీద ఏనుగు. తొలి పోటీ 1879 మార్చిలో, ఎడిన్‌బరోలో, ఇంగ్లండ్–స్కాట్లండ్ మధ్య. అది డ్రా.

ఒక తిరకాసు: కప్పు కింది చెక్క దిమ్మె మీద ఈ రెండు జట్ల పోటీల ఫలితాలు 1871 నుంచే ఉన్నాయి. అప్పటికి కప్పే కాదు, క్లబ్బు కూడా లేదు.