ముసలి సూపర్‌హీరోల నవల: మోకాళ్ల నొప్పి జోకులు దాటేదెలా?

టీనగర్ చదువరి:
చెన్నైలో జరిగే హాస్య సైన్స్ ఫిక్షన్ సాహస నవల రాస్తున్నాను. నలుగురు తెలుగువాళ్లు, అందరూ డెబ్బై దాటినవాళ్లే. సినిమావాళ్లు హైదరాబాదు తరలిపోయినా వీళ్లు టీనగర్ వదల్లేదు. ఒకాయన మెరుపులా పరిగెడతాడు, ఒకావిడ వీధి చివర గుసగుస కూడా వింటుంది, ఒకాయన చేతుల్లో కరెంటు పుడుతుంది, ఇంకొకాయన ఎగురుతాడు. మూడు అధ్యాయాలయ్యాయి, హాస్యమంతా మోకాళ్లు, మతిమరుపు చుట్టూనే తిరుగుతోంది. ముసలితనమే కథను నడపాలంటే ఏం చెయ్యాలి?

వేలచేరి లైను:
ముసలితనాన్ని వర్ణనలో కాదు, లెక్కలో పెట్టండి. పరుగాయన బరువు 60 కిలోలనుకుంటే, సెకనుకు 100 మీటర్ల వేగం అందుకోడానికి 3 లక్షల జౌల్స్ కావాలి, సుమారు 72 కిలోకేలరీలు. ఒంట్లో ఖర్చయ్యేదాంట్లో నాలుగో వంతే పనిగా మారుతుంది కాబట్టి అసలు ఖర్చు 290 దాకా తేలుతుంది. ఐదారు ఇడ్లీలు ఒక్క ఊపులో హరీ! గాలి తోపుడు ఇంకా కలపలేదు. ఆయన ఇన్సులిన్ మీద ఉన్నాడంటే రక్తంలో చక్కెర 70 (mg/dL) కిందికి జారుతుంది: చెమటలు, వణుకు, మాట తడబాటు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలాగి మళ్లీ పరీక్ష చేసుకోవాలి. ఊళ్లోకెల్లా వేగమైన మనిషి పావుగంట అరుగు మీద కూర్చుంటే, దొంగ తీరిగ్గా ఆటో బేరమాడుకుని వెళ్లిపోతాడు.

అడయారు గాలి:
వినే ఆవిడ విషయం. వయసుతో ముందు పోయేవి కీచు శబ్దాలు. అచ్చులు బాగానే వినిపిస్తాయి. త, క, ప, స లాంటివి కలగాపులగమవుతాయి. లోపల ఎవడో "తలుపు తియ్యి" అంటే ఆవిడకి "కలుపు తియ్యి" అని వినపడాలి. ముఠా అంతా గోడౌను వదిలేసి తోట చుట్టూ కాపు కాస్తుంది. కానీ ‘తలుపు’ ‘మామిడి’గా మారకూడదు, పాఠకుడు నమ్మడు.

వినికిడి మిషను పెట్టుకుని దాని మీద హెల్మెట్ బిగిస్తే ‘కుయ్’మని ఈల వేస్తుంది. బయటికొచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే వెళ్లడం వల్ల అలా జరుగుతుంది. చీకట్లో పొంచి ఉన్న సీనుకి ఇంతకన్నా ఏం కావాలి! చెన్నై ఉక్కలో గొట్టంలో తేమ చేరుతుంది, రాత్రిపూట తేమ పీల్చే సిలికా జెల్ డబ్బాలో పెట్టకపోతే పొద్దున్న మాట మూగబోతుంది.

టీనగర్ చదువరి:
కరెంటాయనకి పేస్‌మేకర్, అంటే గుండె లయ తప్పకుండా చూసే మిషను, పెడితే అతి అవుతుందా?

వేలచేరి లైను:
అదే మీ నవలకి ఇరుసు! బయటి కరెంటు అలజడిని పేస్‌మేకర్ గుండె చప్పుడే అనుకుని తన పని ఆపేయొచ్చు. గుండె దాని మీదే ఆధారపడితే ఆయన కళ్లు తిరిగి పడిపోతాడు. బలమైన అయస్కాంతం దాని మీద ఆనిస్తే చాలా పేస్‌మేకర్లు ఏమీ వినకుండా ఒకే వేగంతో కొడుతూ పోతాయి. పాత లౌడ్‌స్పీకర్లోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం చాలు. అంటే ఆయన మెరుపు విసిరినంతసేపూ ఎవరో ఒకరు దాన్ని ఆయన ఛాతీకి అదిమి పట్టుకోవాలి. గుండెకి షాకిచ్చే రకం పరికరం (ఐసీడీ) మాత్రం రాయకండి. అయస్కాంతం పెడితే దాని షాకు ఆగుతుంది గానీ కొట్టే తీరు మారదు.

ఆ పట్టుకునే మనిషి వినే ఆవిడే కావాలి. ఆవిడ వినికిడి మిషనులో టెలికాయిల్ (అయస్కాంత తరంగాల్ని శబ్దంగా అందుకునే తీగచుట్ట) ఆన్‌లో ఉంటే ఈయన కరెంటు చెవిలో గుయ్‌మంటుంది, కాబట్టి ఆయన పని చేసేటప్పుడు ఆవిడ పని చెయ్యలేదు. ఎవరి శక్తి ఎవరి మిషన్ని చెడగొడుతుందో ముందే రాసిపెట్టుకుంటే సీన్ల వరస దానంతటదే వస్తుంది.

అడయారు గాలి:
ఎగిరే ఆయన్ని నిలువునా లేపకండి. రక్తం కాళ్లలోకి దిగి స్పృహ తప్పుతుంది, బీపీ మాత్రలు వేసుకుంటే మరీను. రాకెట్లో వ్యోమగాముల్లా వెల్లకిలా పడుకుని లేవాలి. ఆయనకి ఆకాశం తప్ప దారి కనపడదు. వేలచేరి రైలు లైను, పక్కనే బకింగ్‌హామ్ కాలువ, కింద పరుగాయన "కుడికి బావగారూ, కుడికి!" అని అరవడం. పంచదార సీసా మాత్రం పైనాయన జేబులో ఉంచండి.