వాన సీన్ యూట్యూబ్‌లో పెడితే గళ్ళు గళ్ళుగా వస్తోంది, రికార్డింగ్ సెట్టింగ్స్ చెప్పండి

మద్దిలపాలెం_డెవ్:
యూనిటీ గేమ్ ఇంజిన్‌లో చేస్తున్న గేమ్. వైజాగ్ ఆర్కే బీచ్ రోడ్డు మీద వాన, అవతల కెరటాలు, దూరంగా డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్. ఆడేటప్పుడు చినుకు చినుకూ విడిగా కనపడుతుంది. ఓబీఎస్‌లో (స్క్రీన్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) రికార్డు చేసి అప్‌లోడ్ చేస్తే నురగంతా ముద్ద. 1080పీ, 60 ఫ్రేములు, సీబీఆర్ (ఎప్పుడూ ఒకే బిట్‌రేటు) 6000 కేబీపీఎస్, ఎంపీ4. ఆర్‌టీఎక్స్ 3050 ల్యాప్‌టాప్. మధ్యమధ్యలో జర్కులు కూడా. టెస్టర్లకి డిస్కార్డ్‌లో, మిగతావాళ్ళకి యూట్యూబ్‌లో పెట్టాలి. ఏం మార్చాలండీ?

రుషికొండ_రెండర్:
6000 సీబీఆర్ లైవ్ స్ట్రీమింగ్ లెక్కండి, రికార్డింగ్‌కి చాలదు. వీడియోని కుదించే ఎన్‌కోడర్ బతికేదే పాత ఫ్రేములో ఉన్నదాన్ని జరిపి మళ్ళీ వాడుకోవడం మీద. వాన, నురగ ఏ ఫ్రేముకి ఆ ఫ్రేము కొత్తవే, వాడుకోడానికి పాతదేమీ దొరకదు. అలా నలిగిన ఫైలునే యూట్యూబ్ ఇంకోసారి పిండుతుంది.

సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ మోడ్ అడ్వాన్స్‌డ్ చేసి, రికార్డింగ్ ట్యాబ్‌లో ఎన్‌వెంక్ (ఎన్‌విడియా కార్డులోని ఎన్‌కోడర్) హెచ్.264, రేట్ కంట్రోల్ సీక్యూపీ (బిట్‌రేటు బదులు క్వాలిటీని స్థిరంగా ఉంచే పద్ధతి), విలువ 18 పెట్టండి. అంకె తగ్గేకొద్దీ క్వాలిటీ, సైజు రెండూ పెరుగుతాయి. 14 కిందకి దిగితే డిస్కు దండగే. సగటు 40 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) పడిందనుకోండి, నిమిషానికి 300 ఎంబీ, గంటకి 18 జీబీ.

ఎంపీ4 బదులు ఎంకేవీ పెట్టండి. మామూలు ఎంపీ4 ఇండెక్సు ఆఖర్న రాస్తుంది, మధ్యలో సిస్టమ్ బిగుసుకుపోతే మొత్తం ఫైలు పోయినట్టే. ఎంకేవీలో అప్పటిదాకా తీసింది మిగులుతుంది. తర్వాత ఫైల్ మెనూలో రీమక్స్ (మళ్ళీ ఎన్‌కోడ్ చేయకుండా ఫైలు రకం మార్చడం) కొడితే క్వాలిటీ తగ్గకుండా ఎంపీ4 అవుతుంది.

గాజువాక_జీపీయూ:
జర్కుల సంగతి. ఓబీఎస్‌లో స్టాట్స్ విండో తెరిచి పెట్టుకుని రికార్డు చేయండి. రెండరింగ్ ల్యాగ్ అంకె పెరుగుతుంటే జీపీయూ మొత్తాన్నీ గేమే తినేస్తున్నట్టు. గేమ్‌ని 60 దగ్గర కట్టేయండి, ఓబీఎస్‌ని అడ్మిన్‌గా తెరవండి. ఎన్‌కోడింగ్ ల్యాగ్ అయితే ఎన్‌కోడర్ ప్రీసెట్‌ని పీ5 నుంచి, పని తేలికయ్యే పీ3కి దించండి.

ఓబీఎస్‌తో తీసేటప్పుడు యూనిటీ ఎడిటర్‌లో కాదు, బిల్డ్ (విడిగా నడిచే గేమ్) తీసి గేమ్ క్యాప్చర్‌తో పట్టండి. నల్ల తెర వస్తే గేమ్ ఒక జీపీయూ మీద, ఓబీఎస్ ఇంకోదాని మీద ఉన్నట్టు. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో రెండిటికీ హై పెర్ఫార్మెన్స్ పెట్టండి. తెర మొత్తాన్నీ పట్టే డిస్‌ప్లే క్యాప్చర్ జోలికి పోవద్దు, వాట్సాప్ నోటిఫికేషన్లు కూడా ట్రైలర్‌లో నటిస్తాయి.

ట్రైలర్ షాట్లకి ఓబీఎస్ కన్నా యూనిటీ ఎడిటర్‌లోనే నడిచే యూనిటీ రికార్డర్ మేలు. ఫ్రేము పూర్తయ్యాకే తర్వాతది తీస్తుంది కాబట్టి తీసేటప్పుడు గేమ్ నత్తనడక నడిచినా వీడియో సాఫీగా వస్తుంది.

రుషికొండ_రెండర్:
షేరింగ్ మర్చిపోయాను. యూట్యూబ్‌కి 2560×1440కి పెంచి పంపండి. ఆ సైజుకి సాధారణంగా వీపీ9 (మెరుగ్గా కుదించే కోడెక్), ఎక్కువ బిట్‌రేటు దక్కుతాయి. పెట్టిన వెంటనే చూసి తిట్టుకోకండి, మొదట తక్కువ రిజల్యూషనే తయారవుతుంది.

డిస్కార్డ్‌లో ఉచిత ఖాతాకి ఒక్కో ఫైలు 10 ఎంబీ దాటకూడదు. 30 సెకన్ల క్లిప్‌కి ఆడియోతో కలిపి సుమారు 2.6 ఎంబీపీఎస్ వస్తుంది, అందులో వాన 1080పీలో ఇమడదు. హ్యాండ్‌బ్రేక్‌లో (వీడియో సైజు తగ్గించే ప్రోగ్రామ్) 720పీ, వీడియో 2300 కేబీపీఎస్, ఆడియో 128, మల్టీపాస్ టిక్కు.

యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ అంటే రహస్యం కాదండోయ్, లింకు ఎవరి చేతికి వెళ్తే వాళ్ళు చూస్తారు. డీబగ్ కన్సోల్ ఆపేసి తీయండి, అందులో కనపడే ఫోల్డర్ దారిలో మీ పేరుండొచ్చు.

మద్దిలపాలెం_డెవ్:
సీక్యూపీతో నురగ తేలింది, థాంక్సండీ. కానీ రికార్డర్‌తో తీస్తే లైట్‌హౌస్ దీపం బొంగరంలా తిరుగుతోంది. గేమ్‌లో మామూలుగానే ఉంది.

గాజువాక_జీపీయూ:
దీపం కోడ్‌లో రియల్‌టైమ్‌సిన్స్‌స్టార్టప్ (బయటి అసలు గడియారం) వాడి ఉంటారు. ఒక సెకను వీడియో తీయడానికి నాలుగు సెకన్లు పడితే, దీపం ఆ నాలుగు సెకన్లూ తిరిగేస్తుంది. గేమ్ లోపలి గడియారమైన టైమ్.టైమ్‌కి మార్చండి.