సమస్య: “పోయినవాఁడెల్ల తిరిగిపోయినవాఁడే”

నిర్వాహకుడు: షరతు ఒక్కటే. ఇంగ్లీషు ‘గో’కు భూతకాలం ‘వెంటు’ ఎలా అయిందో పూరణలో కనబడాలి. చనిపోవడం, స్వర్గం, పునర్జన్మ ఈసారికి వద్దు.

అరసున్న:

ఏయొదె నాఁటికిఁ జెల్లెను
ఆ యెడ వెంటనఁగ వచ్చె నాంగ్లమునందున్
వేయేల? వెండు తిరుగుట;
పోయినవాఁడెల్ల తిరిగిపోయినవాఁడే!

పాత ఇంగ్లీషులో ‘గో’కు భూతరూపం ‘ఏయొదె’. ‘వెండు’ వేరే క్రియ, ‘తిరుగు’ అని అర్థం. సెండ్–సెంట్, బెండ్–బెంట్ లాగే వెండ్–వెంట్. 15వ శతాబ్దంలో దాని భూతరూపం ‘గో’ పక్కన స్థిరపడిపోయింది.

వలపలగిలక: ‘వెంట’ శ్లేష బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ‘చెల్లెను’ మీద ‘ఆ’ వస్తే సంధి ఎక్కడికి పోయిందండీ? పాదం మారితే ద్రుతం (చివరి ‘ను’) మాయమవుతుందా? ‘చెల్లఁగ / నా యెడ’ అంటే సరిపోయేది. ఇంకో మాట, ‘ఎల్ల’ అన్నారు. స్కాట్లండువాడు ఇప్పటికీ ‘గేడ్’ అంటాడు. వాడు తిరగలేదుగా!

అరసున్న: సవరణకు నమస్కారం. ‘ఎల్ల’ మాత్రం సమస్యలోదే, నిర్వాహకులను అడగండి. తమరి పూరణ కోసం ఎదురుచూస్తున్నాం.

వలపలగిలక:

గోయెడని పిల్ల పలికినఁ
జేయకు మపహాస మదియె చెల్లఁగ వలయున్
న్యాయము దప్పినది వెంటె
పోయినవాఁడెల్ల తిరిగిపోయినవాఁడే!

అరసున్న: న్యాయం తప్పింది వెంటు కాదు, మూడో పాదం. ‘ది వెంటె’ జగణం (లఘువు, గురువు, లఘువు), అదీ కందంలో అది రాకూడని బేసి చోట! ‘న్యాయము దప్పెను వెంటే’ అంటే గండం గడుస్తుంది. ఇంతకీ ‘తిరుగు’ ఏదీ? నాలుగో పాదం అతికించినట్టుంది.

వలపలగిలక: జగణం నా తప్పే. అన్వయం మాత్రం ఉంది. పిల్లలు మొదట విన్నది విన్నట్టు ‘వెంటు’ అంటారు. చివర ‘ఎడ్’ చేర్చే సూత్రం పట్టుబడగానే ‘గోయెడ్’ మొదలవుతుంది. కొన్నాళ్లకు మళ్లీ ‘వెంటు’కే వస్తారు. అదే తిరిగి పోవడం.

నిర్వాహకుడు: ఈ విరుపు నాకు తట్టలేదు. జగణం లేకపోతే మొదటి తాంబూలం ఇదే.

అరసున్న: వివరణ చదివితేనే అందే చమత్కారానికి తాంబూలమా! ‘టేక్’ సమస్యప్పుడూ ఇంతే. అది అచ్చ ఇంగ్లీషు మాట అని వలపలగిలక గారు పద్యంలో రాసి భుజాలు చరుచుకున్నారు. అది స్కాండినేవియా నుంచి వచ్చిన నార్సువాళ్ల ‘టాకా’. ఇంటి మాట ‘నిమన్’, జర్మన్‌లో ‘నేమెన్’గా బతికే ఉంది. ‘పట్టుబడినది’ అనే అర్థంతో ఇంగ్లీషులో ‘నంబ్’గా మిగిలింది. తిమ్మిరి పట్టింది అంటామే, అదే పట్టు.

వలపలగిలక: ఆ తిమ్మిరి మీకింకా వదల్లేదన్నమాట.

బండిరా:

రా యనిన వచ్చు ననెదము
మా యింటనె యిట్టిది గల మాటను మఱువన్
న్యాయమె? గో వెంటైనది;
పోయినవాఁడెల్ల తిరిగిపోయినవాఁడే!

అరసున్న: ఛందస్సులో వేలు పెట్టడానికి చోటు లేదు. ప్రాసకు ‘రా యనిన’ దొరకడం అదృష్టం.

తాటాకు: ఛందస్సు సరే, పోలిక నిలవదు. తమిళంలో ‘వా, వరు, వందాన్’ పక్కన పెట్టి చూడండి. మన ‘వచ్చు’దీ ‘రా’దీ ఒకటే మూలం. వర్ణవ్యత్యయంతో ముందున్న అచ్చు వెనక్కి జరిగి, ‘వ’ రాలిపోయి ‘రా’ మిగిలింది. తమిళ ‘ఉరల్’ మనకు ‘రోలు’ అయిన దారే ఇదీ. ఒకే మనిషి రెండు వేషాలు వేశాడంతే, వెంటులా పరాయివాడు వచ్చి కూర్చోలేదు. అసలు పోలిక కావాలంటే పాణిని సూత్రం ‘అస్తేర్భూః’. ఆర్ధధాతుకాలనే ప్రత్యయాల ముందు ‘ఉండు’ అనే అస్ ధాతువు తప్పుకుని భూ వస్తుంది.

నిజానికి మనకు దగ్గరది ‘వెండు’ అర్థమే. ముందు మళ్లడం, తర్వాత దారి పట్టడం. మన ‘తిరుగు’ కూడా చక్రానికీ, ఊళ్లు పట్టుకు తిరిగేవాడికీ ఒకటే. ఇంగ్లీషు ‘వాండర్’ కూడా ఆ గోత్రమే. ఇక్కడ మూడు పద్యాలొచ్చినా ఆ ‘తిరుగు’ రెండర్థాలను ఎవరూ వాడుకోలేదు!

బండిరా: రోలు దెబ్బకు రోకలి నోరు మూసుకుంది.

వలపలగిలక: పాపం ‘వెండు’ సంగతేమిటి? భూతకాలం పోగొట్టుకుని ‘వెండెడ్’ అని కొత్తది కుట్టించుకుంది. దాని మీద ఒక్క పద్యం లేదు.

నిర్వాహకుడు: తాటాకు గారు తెచ్చిన ‘అస్, భూ’ ఇంగ్లీషు ‘బీ’లోనూ ఉన్నాయి. ‘ఈజ్’ అస్ బంధువు, ‘బీ’ భూ బంధువు, ‘వాజ్’ నివసించే వస్ బంధువు. అందుకని వచ్చే వారానికి:

“మువ్వురి సంసార మొక్క ముంగిటఁ జెల్లెన్”

అరసున్న: ప్రాస ‘వ్వ’. వలపలగిలక గారూ, బేసి గణాలు ఇప్పుడే లెక్కపెట్టి ఉంచుకోండి.